తొమ్మిదో అధ్యాయంలో తలుపు చప్పుడు

హనుమకొండ,
జూలై 9, 2023.

గౌరవనీయులైన లక్ష్మీకాంతమ్మ గారికి,

నమస్కారం. నా పేరు కీర్తిప్రియ. ఇక్కడ తెలుగు శాఖలో పరిశోధన చేస్తున్నాను, మీ ‘గోటా అంచు’ నవల మీద. ముప్పై ఏళ్ల కిందట ఒక్కసారే అచ్చయిన పుస్తకం నాకెలా చిక్కిందా అని మీరు ఆశ్చర్యపోవచ్చు. కోఠీలో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో దొరికింది. బస్సులో తెరిచాను. జనగామలో మా అమ్మ దగ్గర దిగాల్సిన దాన్ని, దిగడం మరిచి హనుమకొండ దాకా వచ్చేశాను.

మీ నంబరుకు ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తి, “చెల్లెకు ఫోన్ల ఇనబడది బిడ్డా, ఉత్తరం రాయి” అని అడ్రసు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం.

మనోవిశ్లేషణ సిద్ధాంతంతో మీ అండాళును అర్థం చేసుకోవాలని నా ప్రయత్నం. పుట్టింటికి వచ్చి ఉన్న అండాళు, నయాపూల్ దగ్గర గోటా, జరీ అంచులు అమ్మే ఆమె తండ్రి, కర్ఫ్యూ రోజుల్లో వాంతులు విరేచనాలతో పోయిన ఆమె కొడుకు. ఆ తర్వాత నవలంతా ఆమెది ఒకటే మాట: “నేను పాపిష్టిదాన్ని. కండ్లు మూసుకున్న.” భర్త వదిలేస్తాడు. ఆమె ఎవరినీ పల్లెత్తు మాట అనదు. అప్పట్లో సమీక్ష రాసినవాళ్లు ఆమెను సహనమూర్తి అన్నారు. నాకు ఆమెలో సహనం కనిపించలేదు. ఇంకేదో కనిపించింది.

ఒక్క సందేహం తీర్చండి. తొమ్మిదో అధ్యాయంలో, పిల్లవాడికి జబ్బు ముదిరిన మధ్యాహ్నం, మీరిలా రాశారు: “తలుపు చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది.” అంతే. వచ్చింది ఎవరో, తలుపు ఎవరైనా తీశారో లేదో పుస్తకం చివరిదాకా లేదు. అది పొరపాటున వదిలేశారా, కావాలనే వదిలేశారా?

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
కీర్తిప్రియ


దబీర్‌పురా, హైదరాబాద్,
జూలై 21.

చి. కీర్తిప్రియకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నా పుస్తకం ఫుట్‌పాత్ మీద ఇంకా బతికి ఉందని తెలిసి కొంచెం సంతోషం, కొంచెం సిగ్గు కలిగాయి. బడిలో తెలుగు చెప్పుకుంటూ ఒకే ఒక్క నవల రాశాను. ఆ తర్వాత రాయబుద్ధి కాలేదు.

నీతో ఫోన్‌లో మాట్లాడింది మా అక్క నాగమణమ్మ. ఇద్దరం ఇక్కడ పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. రైలు పోయినప్పుడల్లా గిన్నెలు గలగలమంటాయి. నాకు అదీ సరిగా వినిపించడం లేదు, అక్క చెబితే తెలుస్తుంది.

తలుపు సంగతి అడిగావు. కర్ఫ్యూ రోజుల్లో తలుపులు చాలా చప్పుడయ్యేవి. పోలీసులు కొట్టేవాళ్లు, పాలు కావాలా అని కొట్టేవాళ్లు, పొరపాటున కొట్టేవాళ్లు. తలుపు చప్పుడంటే తలుపు చప్పుడే. అందులో వెతకడానికి ఏమీ లేదు.

పరిశోధన చేయి, కాదనను. కానీ ఇంత చీకటి పుస్తకాన్ని నీ వయసు పిల్ల ఎందుకు ఎంచుకుంది? ఇంకో పుస్తకం దొరకలేదా?

శుభం.
లక్ష్మీకాంతమ్మ


హనుమకొండ,
ఆగస్టు 14.

అమ్మా,

నమస్కారం. మీరు “ఏమీ లేదు” అన్నచోటే ఏదో ఉంటుందని మా సిద్ధాంతం చెబుతుంది! కోపం తెచ్చుకోకండి. నేను ఏం చేస్తున్నానో చెబితే మీకే నచ్చుతుంది.

మనోవిశ్లేషణలో దుఃఖం గురించి ఒక మాట ఉంది. అయినవాళ్లు పోతే మనిషికి లోకం ఖాళీ అవుతుంది. కొన్నాళ్లు ఏడుస్తాడు, మెల్లగా లోకం మళ్లీ నిండుతుంది. కానీ కొందరి విషయంలో ఖాళీ అయ్యేది లోకం కాదు, వాళ్లే. పొద్దస్తమానం తమను తాము తిట్టుకుంటారు. ఆ తిట్లను ఓపికగా వింటే, అవి ఆ మనిషికి అతకవు. దగ్గరివాళ్లలో ఇంకెవరికో, ప్రేమించక తప్పని మనిషికి ఎవరికో, సరిగ్గా అతుకుతాయి. ఆ మనిషిని అనే ధైర్యం లేక కోపం వెనక్కి తిరిగి తమ మీదే పడుతుంది.

ఇప్పుడు అండాళు మాటలు వినండి. ఆమె ఎన్నడూ “నిద్రపోయిన” అనదు. “కండ్లు మూసుకున్న” అంటుంది. నిద్రకు నిద్ర అనే మాట ఉండగా, ప్రతిసారీ ‘మూయడం’ ఎందుకు? పద్నాలుగో అధ్యాయంలో జ్వరంతో కలవరిస్తూ “మూసిండు, మూసిండు” అంటుంది. మొదట నేను దాన్ని అచ్చుతప్పు అనుకున్నాను. కాదు కదా? మూసినవాడు మగవాడు. మూసింది కళ్లు కాదు, తలుపు.

ఇంకొకటి. అండాళు వంటలో ఎప్పుడూ దేన్నీ మరిచిపోదు. తండ్రికి విడిగా తీసి వండే పథ్యం కూరలో మాత్రం ఉప్పు మరిచిపోతుంది. ఒకసారి కాదు, నవలంతా. తండ్రి ఒక్కనాడూ అడగడు. లేచి వెళ్లి తానే ఉప్పు వేసుకుంటాడు. మా సిద్ధాంతంలో మరుపు ఊరికే రాదు. నోటితో అనలేనిది ఆమె చెయ్యి అంటోంది. అడగనందువల్ల తండ్రికీ అది తెలుసని నా అభిప్రాయం. అండాళు తనను తిట్టుకోవడం లేదు, తండ్రిని తిడుతోంది. ఆ తలుపు తీయనిది ఆయన.

ఇదంతా ఒక వ్యాసంగా రాసి ఒక సాహిత్య పత్రికకు పంపాను, తీసుకున్నారు. మా గైడు గారు మొదటిసారి “బాగుంది” అన్నారు. ఒక ప్రతి జత చేస్తున్నాను. చదివి మీ అభిప్రాయం రాయండి.

మీ,
కీర్తిప్రియ


దబీర్‌పురా,
సెప్టెంబరు 2.

కీర్తిప్రియకు,

నీ వ్యాసం చదివి బియ్యం డబ్బా అడుగున దాచాను. తర్వాత అక్కడ కూడా మంచిది కాదని తీసి చించేశాను. ఎందుకో చెప్పకపోతే నీకు అర్థం కాదు. చెబుతున్నాను. నీలోనే ఉంచుకో.

అండాళు మా అక్క. నీతో ఫోన్‌లో మాట్లాడిన మనిషే.

అప్పుడు మా ఇల్లు నయాపూల్ వెనక గల్లీలో ఉండేది. అక్కను నిజామాబాద్ ఇచ్చారు. కొడుకును తీసుకుని పండగకు వచ్చి, గొడవలై కర్ఫ్యూ పెడితే ఇక్కడే చిక్కుకుపోయింది. నేను ఆ రోజుల్లో బడి దగ్గరే, సైదాబాద్‌లో తోటి టీచరు ఇంట్లో ఆగిపోయాను. ఇంటికి వచ్చేసరికి నందు లేడు. మూడేళ్ల పిల్లవాడు. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బాపు, అంటే మా నాన్న, అందరికీ ఒకటే చెప్పాడు: “పిల్ల అలిసిపోయి నిద్రపోయింది. గింతలనే పోరని పానం పోయింది.” బావ వచ్చి ఆ మాటే పట్టుకున్నాడు. “కొడుకు సస్తుంటే నిద్రెట్ల పట్టిందే నీకు” అని నలుగురిలో అడిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

కొన్నేళ్ల తర్వాత నయాపూల్ బస్టాపు దగ్గర బాబూమియా కనిపించాడు. మా గల్లీలోనే ఉండేవాడు. డెయిరీ వ్యాను నడిపేవాడు, అందుకని ఆయనకు కర్ఫ్యూ పాసు ఉండేది. బాపు దుకాణంలో రోజూ చాయ్ తాగిన మనిషి. నన్ను చూసి పక్కకు పిలిచాడు.

“చెల్లె, నీకెవరన్న చెప్పిండ్రో లేదో. ఆ దినం నేనొచ్చిన. పోరనికి బాగ లేదని మా ఇంటామె షౌకత్ చెప్తె వ్యాను తీస్కొని వచ్చిన. నదికి అవతల దవాఖాన, అయిదు నిమిషాల్ల దింపుదును. తలుపు కొట్టిన. లోపల పెద్దాయన ‘ఎవరు’ అన్నడు. ‘నేను, బాబూమియాను’ అన్న. ఇగ మాట లేదు. మళ్ల కొట్టిన. ‘పో’ అన్నడు.”

బాపు రాక్షసుడు కాదు. వ్యానులో ఇంకా ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారట. ఆ వారమంతా ఆయన చెవుల్లో పడ్డవి చంపుడు మాటలే. భయపడ్డాడు. సాయంత్రం పోలీసులు వచ్చేసరికి పిల్లవాడు పోయాడు. భయపడినందుకు నేను ఆయన్ని ఏమీ అనను. కానీ తర్వాత, అక్క నిద్రపోయిందని లోకానికి చెప్పాడు చూడు, అది నాకు మింగుడుపడదు.

నవల రాసేటప్పుడు బాపు బతికే ఉన్నాడు. తలుపు చప్పుడు దాకా రాసి ఆగిపోయాను. కలవరింత మాటలు అక్క నిజంగా అన్నవే, విన్నవి విన్నట్టు రాశాను. ఉప్పు సంగతీ అంతే. ఇంట్లో చూసింది రాశానుగాని, దానికి అర్థం ఉందని నాకు తట్టలేదు. నీ ఉత్తరం చదివాక వంటింట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను.

అక్కకు బాబూమియా వచ్చిన సంగతి తెలియదు. తాను నిద్రపోయాననే నమ్ముతుంది. ఈ వయసులో ఆమెకు ఆ నమ్మకం తీసేస్తే ఏం మిగులుతుందో నాకు తెలియదు. ఆ వ్యాసం అచ్చు కానివ్వకు. నిన్ను బతిమాలుతున్నాను.

లక్ష్మీకాంతమ్మ


హనుమకొండ,
సెప్టెంబరు 19.

అమ్మా,

మీ ఉత్తరం అందిన రోజే పత్రికవాళ్లకు ఫోన్ చేశాను. ఆలస్యమైపోయింది. ప్రతులు అచ్చయి పోస్టులో వెళ్లిపోయాయట. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. నవల రాసినవారికి ఒక ప్రతి పంపమని నేనే మొదట్లో మీ అడ్రసు ఇచ్చాను. గొప్పగా ఉంటుందని.

మా గైడు గారితో చెబితే, “పాత్ర వేరు, మనిషి వేరు. నువ్వు పాత్రను విశ్లేషించావు, అంతే” అన్నారు. ఆ మాట పరీక్షలో రాయడానికి బాగుంటుంది. కానీ ఫోన్‌లో నన్ను “బిడ్డా” అన్న గొంతు నా చెవిలో ఉంది. ఆమె మనసులో ఏముందో, ఆమెను అడగకుండా, పేజీ నంబర్లతో సహా రాసి లోకానికి పంచాను.

పోస్టు మీరే తీసుకునేలా చూడండి.

కీర్తిప్రియ


దబీర్‌పురా,
అక్టోబరు 11.

కీర్తిప్రియకు,

పోస్టు నేను తీసుకోలేకపోయాను. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లిన పూట వచ్చింది. తిరిగొచ్చేసరికి అక్క మంచం మీద కూర్చుని ఉంది. పత్రిక ఒళ్లో ఉంది. స్టవ్ మీద పప్పు మాడిపోయి ఇల్లంతా పొగ.

స్టవ్ ఆపి వచ్చాను. ఆమె దగ్గరగా జరిగి, నాకు వినిపించేలా అడిగింది.

“ఇది ఎవరి ముచ్చట?”

“నవల ముచ్చట అక్కా.”

“నవల ఎవరి ముచ్చట?”

ఆమే అంది:

“నేను నిద్రపోలె లచ్చిమీ.”

అలా అని తన తొడ మీద చెయ్యి వేసి చూపించింది.

“పోరడు గీడనే ఉండె. తలుపు కొట్టుడు విన్న. ‘ఎవరు బాపూ’ అని అడిగిన. ‘ఎవ్వరు లేరు, పండుకో’ అన్నడు. మళ్ల కొట్టిండ్రు. ‘ఎవరో కొడ్తుండ్రు బాపూ’ అన్న. ‘పండుకో’ అన్నడు.”

“మరి గిన్నేండ్లు కండ్లు మూసుకున్న, కండ్లు మూసుకున్న అంటివి గద అక్కా?”

“బాపు చెప్పిండు గద నిద్రపోయిన అని. అందరి ముందర చెప్పిండు. బాపు అబద్ధం చెప్తడా? నాకే యాది లేదేమో అనుకున్న. గట్లనే అనుకుంట వచ్చిన.”

నలభై ఏళ్లుగా ఆమె దాచుకుందని నేను అనను. దాచుకున్న మనిషి ముఖం అలా ఉండదు. తనకే తెలియకుండా ఆమె లోపల ఉంది ఆ మాట. నీ సిద్ధాంతం అక్షరం తప్పలేదు కీర్తీ. ఇలా నిజమవుతుందని నువ్వూ అనుకుని ఉండవు.

“తలుపు కొట్టింది ఎవరు?” అని అడిగింది. చెప్పాను. “నీకెప్పటి సంది ఎరుక?” అంది. అదీ చెప్పాను. నన్ను చూసిన చూపు నేను రాయలేను. లేచి చెప్పులు వేసుకుంది. వెంట వెళ్లి ఆటో ఎక్కాను. బాబూమియా వాళ్లు యాకుత్‌పురాకు మారారని అక్కకు తెలుసు. వెతికి వెతికి అక్కడ వాళ్ల ఇల్లు కనుక్కుంది.

బాబూమియా లేడు. పోయి చాలా ఏళ్లయిందట. షౌకత్ బీ తలుపు తీసి కాసేపు గుర్తుపట్టలేదు. తర్వాత “నందు అమ్మీవా?” అంది. అక్క అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. మనవరాలు మాహిరా నీళ్లు తెచ్చి పట్టుకుని నిలబడింది, అక్క తీసుకోలేదు.

“మియా వచ్చిండట గద ఆ దినం. నాకియ్యాలనే తెల్సింది” అంది అక్క.

షౌకత్ బీ ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. “గిన్నేండ్ల సంది నీకు తెల్వదా ఆపా? మీరు తలుపు తియ్యలేదని, మామీద నమ్మకం లేదని, నేను మళ్ల మీ గడప తొక్కలె. ఆయన సచ్చిపోయేదాంక గదే రంది. దర్వాజా తోడ్ దేనా థా, తలుపు పగలగొట్టాల్సింది, నా వల్లనే పోరడు పోయిండు అనేటోడు. కడుపునిండ తినకపోతుండె. పెద్దాయనను ఒక్క మాటంటే ఒక్క మాట అనలె. ‘భయపడ్డడు పాపం’ అనేటోడు.”

అక్క తల ఎత్తి, “ఆయనెందుకు అనుకున్నడు? ఆయనెందుకు అనుకోవాలె?” అంది. రెండుసార్లు అంది. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. నేను గుమ్మం బయట నిలబడి ఉన్నాను. నన్ను లోపలికి ఎవరూ పిలవలేదు.

ఇదీ జరిగింది. నీ మీద నాకు కోపం లేదు. ఉంటే బాగుండేదేమో.

లక్ష్మీకాంతమ్మ


జనగామ,
నవంబరు 20.

అమ్మా,

మీరు మొదటి ఉత్తరంలోనే అడిగారు, ఇంత చీకటి పుస్తకం ఎందుకని. నేను జవాబు తప్పించుకున్నాను. ఇప్పుడు రాస్తాను.

మా నాన్న రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. అమ్మ ఆ రోజు చుట్టాల పెళ్లికి వెళ్లింది. అప్పటి నుంచి ఆమెది ఒకటే మాట: “నేనుంటే బతుకుతుండె. నేనే సంపుకున్న.” ఎంత చెప్పినా వినదు. బస్సులో అండాళు మాటలు చదివినప్పుడు నాకు వినిపించింది మా అమ్మ గొంతు. అమ్మను అడగలేనిది అండాళును అడగవచ్చు కదా అనుకున్నాను. పాత్ర అయితే నొప్పి ఉండదు అనుకున్నాను.

దీపావళికి ఇంటికి వచ్చాను. మీ ఉత్తరం చదివాక అసలు నోరు ఎత్తకూడదనుకున్నాను. కానీ అమ్మ మళ్లీ అదే మాట అంటే ఆపుకోలేక అడిగాను: “అమ్మా, నీకు నాన్న మీద కోపం లేదా?”

చేస్తున్న పని ఆపింది. “మూడు దినాల సంది నొస్తుందట. పక్కింటాయనకు చెప్పిండట. నాకు చెప్పలె. నాకెందుకు చెప్పలె?” అంది. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెంపలు వేసుకుంది, దేవుడి దగ్గర వేసుకున్నట్టు.

పుస్తకాల్లో ఇలాంటి చోట ‘ఉపశమనం’ అని రాసి ఉంటుంది. లోపలిది బయటికి వస్తే మనిషి తేలికపడతాడని. మా అమ్మ తేలిక పడలేదు. ఇంతకు ముందు తనను తాను తిట్టుకుంటూనైనా నాన్న ఫొటోకు దండ వేసేది. ఇప్పుడు దండ నా చేతికిచ్చి, తాను వంటింట్లోకి వెళ్లిపోతోంది.

అండాళు అధ్యాయం నా థీసిస్‌లోంచి తీసేద్దామనుకుంటున్నాను. అది తీసేస్తే నా పనిలో ఏమీ మిగలదని గైడు గారు అంటున్నారు. అలాగైతే మానేస్తాను. అయినా ముందు మీ అక్కగారిని అడగాలనిపించింది. ఒకసారి అడగకుండా చేశాను. ఆమె వద్దంటే వద్దు. ఆమె ఎలా ఉన్నారు?

కీర్తిప్రియ


దబీర్‌పురా,
ఫిబ్రవరి 6, 2024.

చి. కీర్తికి,

జవాబు ఇన్నాళ్లు రాయలేదు. రాయడానికి ఇంట్లో మాటలు లేవు.

ఆ రోజు యాకుత్‌పురా నుంచి వచ్చాక అక్క నాతో మాట్లాడటం మానేసింది. తన వంట తాను వండుకుంటోంది. “పాపిష్టిదాన్ని” అనడం లేదు. ఆ మాట విని విని విసిగిపోయిన దాన్ని, ఇప్పుడు అది వినపడకపోతే ఇల్లు గుయ్యిమంటోంది. ఒకరోజు గోడ మీది బాపు ఫొటో దించింది. పగలగొడుతుందేమోనని భయపడ్డాను. కాగితంలో చుట్టి నా మంచం మీద పెట్టి, “నీ బాపును నువ్వే పెట్టుకో. ఇద్దరూ ఒకటే తీరు” అంది. ఇన్ని నెలల్లో ఆమె నాతో అన్న మాట అదొక్కటే. నవల రాసి లోకానికి చెప్పాననుకున్నాను. పక్క గదిలో ఉన్న మనిషికి చెప్పలేదు.

వారం వారం యాకుత్‌పురా వెళుతుంది. షౌకత్ బీతో కూర్చుంటుంది. ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు.

పోయిన ఆదివారం షౌకత్ బీ ఆటోలో మా ఇంటికి వచ్చింది. నందును పాతిపెట్టిన చోటు బాబూమియాకు తెలుసట. ఆ రోజు పిల్లవాణ్ని తీసుకెళ్లిన పోలీసు జీపు వెనక దూరంగా వెళ్లి చూశాడట. తర్వాత ఆమెను కూడా ఒకసారి తీసుకెళ్లి చూపించాడట. అక్కకు మాత్రం ఎవరూ చూపించలేదు. ఆడవాళ్లు రాకూడదన్నాడు బాపు. ముగ్గురం బయలుదేరాం. నన్ను అక్క రమ్మనలేదు, వద్దనలేదు.

పురానాపూల్ దాటి, మూసీ గట్టు వెంబడి వెళ్లాం. షౌకత్ బీ ఒకచోట దిగి అటూ ఇటూ తిరిగింది. ఆమె చెప్పిన చోట పెద్ద ప్రహరీ గోడ కట్టారు. లోపల రేకుల షెడ్డు, పాత టైర్ల గుట్ట. అక్కడ కాపలా ఉండే మైసయ్య అనే ముసలాయన బయటికి వచ్చాడు.

“గప్పటి పిల్లల బొందలు గిప్పుడేడుంటయమ్మా. అంతా చదును చేసిండ్రు. నేనొచ్చేటాళ్లకే గోడ కట్టిండ్రు.”

“గీ గోడ లోపలనా, బయటనా?” అని అక్క అడిగింది.

“ఏం చెప్తనమ్మా. లోపలనే ఉండొచ్చు. మీరు నిలబడ్డ తొవ్వ మీదనైనా ఉండొచ్చు.”

అక్క తన కాళ్ల కింద చూసుకుంది. ఒక అడుగు పక్కకు వేసింది. అక్కడా చూసుకుంది. ఎక్కడ నిలబడాలో తెలియక గోడ పట్టుకుంది.

అప్పుడు మొదలుపెట్టింది. మొదట మెల్లగా, “బాపూ” అంది. ఆ తర్వాత అరిచింది. కీర్తీ, మా అక్క గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. నాకే స్పష్టంగా వినిపించింది. “ఎందుకు తియ్యలె బాపూ తలుపు? భయమైతే అయింది, నాకు చెప్పరాదా? నేను తీద్దును గద. నిద్రపోయినన్నవ్. నా మీద ఏసినవ్. నా మొగడు పోయిండు, నా కొడుకు పోయిండు, నీకు అన్నం వండి పెట్టిన గద బాపూ నువ్వు సచ్చేదాంక!” ఇంకా చాలా అంది. ఇక్కడ రాయలేని మాటలు కూడా అంది. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి చూశారు. మైసయ్య నా వైపు తిరిగి, “పట్టుకోరాదమ్మా ఆమెను” అన్నాడు. నేను పట్టుకోలేదు. షౌకత్ బీ కూడా పట్టుకోలేదు.

అరిచి అరిచి గొంతు పోయి ఆగింది. ఆ గోడ జవాబు చెబుతుందన్నట్టు కాసేపు చూసింది. బాపు పోయి ముప్పై ఏళ్లకు దగ్గరపడుతోంది. ఆమె మొట్టమొదటిసారి కోపం చేసిన నాటికి ఆ కోపం వినే మనిషి లేడు. ఏడ్వడానికి చోటు కూడా లేదు.

నీ అధ్యాయం గురించి అంతకు ముందే ఒక చీటీ మీద రాసి ఆమె మంచం దగ్గర పెట్టాను. వెనక రాసి ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టు నీకు పంపుతున్నాను: “ఉంచుకొమ్మను. తప్పు రాయలె. ఆ పోరి నన్ను అడుగుతుంది, అది చాలు. గని ఒగటి అడుగు. కోపం ఎవని మీదనో చెప్పింది గద, అది తెల్సినంక ఏం జెయ్యాల్నో ఆమె పుస్తకాల్ల ఉన్నదా?”

ఉంటే రాయి. లేకపోతే లేదనే రాయి, అబద్ధం మాత్రం వద్దు. మీ అమ్మను ఇంకేమీ అడగకు. పక్కన కూర్చో, చాలు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అక్క మధ్యలో కూర్చుంది. షౌకత్ బీ చెయ్యి పట్టుకుని, తల ఆమె భుజం మీద వాల్చింది. నేను ఇటు పక్కన ఉన్నాను. నా చెయ్యి సీటు మీద ఆమె కొంగుకు దగ్గరగా పెట్టాను. ఆటో కుదుపుకు తగిలినట్టు ఒకసారి తగిలించాను. ఆమె కొంగు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎప్పటికైనా నా వైపు తిరుగుతుందేమో. కానీ మా ఇద్దరి వయసూ చూస్తే అంత కాలం ఉందని నాకు అనిపించడం లేదు.

ఆశీస్సులతో,
లక్ష్మీకాంతమ్మ